నెమ్మది చెయ్యి

ఆస్పత్రి పడవ నడిపే సరంగుకు రేవులో రెండు పేర్లున్నాయి. ఎదురుగా ఉంటే అందరూ సరంగుగారూ అంటారు. ఆయన నాలుగడుగులు దాటితే పొదుపాయన అంటారు. ఈ రెండో పేరు ఆయన చెవిన పడలేదని జనం అనుకుంటారు గానీ, ఎప్పుడో పడింది. పడినప్పుడు కోప్పడకపోగా లోలోపల మురిసిపోయాడు కూడా. పాలు పొంగడానికి నిమిషం ముందే పొయ్యి ఆర్పేసి, గిన్నెకున్న వేడి చాల్లే అనే మనిషి ఆయన. రెండు చెప్పులూ ఒకేసారి అరగాలని కుడికాలి మీదా ఎడమకాలి మీదా సమానంగా బరువు వేసి నడుస్తాడని ఆయన భార్య చుట్టాల ముందు చెప్పి నవ్విస్తుంటుంది. చెప్పుల సంగతి ఆవిడ కల్పించిందే. పాల సంగతి మాత్రం నిజం.

అలాగని పిసినారి అనుకుంటే తప్పు. ఇంటికి వచ్చినవాళ్లకు కడుపునిండా పెట్టి పంపుతాడు, అడిగినవాళ్లకు లేదనడు. ఆయనకు గిట్టనిదల్లా వృథా. అందులోనూ పెట్రోలు వృథా అయితే తన ఒంట్లో రక్తం కారిపోతున్నట్టు గిలగిల్లాడతాడు.

ఇరవయ్యారేళ్లుగా ఆయన పని ఒకటే. గురువారం పొద్దున్నే నర్సునూ మందుల పెట్టెనూ పడవలో ఎక్కించుకుని, నది సముద్రంలో కలిసే చోట చెల్లాచెదురుగా ఉన్న ఆరు దీవులకూ తిప్పి, సాయంత్రానికి మళ్లీ రేవుకు చేర్చాలి. పోను రాను నలభై నాలుగు కిలోమీటర్లు. దారిలో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే వాళ్లనూ ఎక్కించుకుని పెద్దాస్పత్రికి తేవాలి. పాత పడవ చెక్కది, సన్నగా పొడుగ్గా ఉండేది, వెనక పది గుర్రాల మోటారు. ఆ మోటారు గొంతు పెంచిన పాపాన సరంగు ఎన్నడూ పోలేదు. వేగం పెంచే లివరును సగం దాకా తోసి అక్కడ ఆపేవాడు, ఇక ఆ చెయ్యి కదిలేది కాదు. పడవలు నడపడానికి కొత్తగా చేరినవాళ్లను ఆఫీసువాళ్లు ఆయన దగ్గరికే పంపేవారు, ఆ నెమ్మది చెయ్యి నేర్చుకు రమ్మని. ఆయన వాళ్లకు చెప్పే పాఠం ఒక్క ముక్కే: మోటారుని పరిగెత్తించకు, నడిపించు.

ఆ పాఠం తప్పు కాదు. ఆ పడవకు అది నూటికి నూరుపాళ్లూ ఒప్పు. సన్నటి చెక్కపడవ నీళ్లను చీల్చుకుంటూ పోతుందే తప్ప నీళ్ల మీదికి ఎక్కదు. దాన్ని ఎంత గట్టిగా తోలినా పెరిగేది వెనకాల అలే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఇరవయ్యారేళ్లు ఒక పడవ మీద చెల్లిన మాటను మనిషి ఆ పడవ గొప్ప అనుకోడు, తన గొప్ప అనుకుంటాడు. సరంగూ అలాగే అనుకున్నాడు.

పోయిన వేసవిలో కొత్త పడవ వచ్చింది. ఫైబర్‌ది, వెడల్పాటిది, అడుగు చదునుగా ఉంటుంది, నలభై గుర్రాల మోటారు. పైన కప్పు, రోగి పడుకోవడానికి బల్ల, మందులు ఐసులో ఉంచే చల్లపెట్టె. పాతిక లీటర్ల టాంకు వెనక బల్ల కింద బిగించి ఉంది. విడి డబ్బాల్లో పెట్రోలు తీసుకువెళ్లడానికి వీల్లేదని పెద్ద డాక్టరమ్మ ఆర్డరు. ఎక్కడో ఇలాంటి పడవలోనే డబ్బా ఒలికి అంటుకుందట, రోగులెక్కే పడవలో ఆ ముప్పు తనకొద్దని ఆమె ఖండితంగా చెప్పింది. కాబట్టి టాంకులో పట్టిందే దారికి సరిపోవాలి.

మోటారు బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి రెండు ప్రొపెల్లర్లు తెచ్చి గట్టు మీద పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి, మూడేసి రెక్కలు. ఒకదాని మీద పది అనీ, రెండోదాని మీద పద్నాలుగు అనీ చెక్కి ఉంది. దాన్ని పిచ్ అంటారనీ, ప్రొపెల్లరు ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం పడవ అన్ని అంగుళాలు ముందుకు పోతుందనీ ఆయన చెప్పాడు. చెక్కలో మరమేకు దిగినట్టే. మర దట్టంగా ఉంటే తిప్పుకు కొంచెమే దిగుతుంది, ఎడంగా ఉంటే ఒక్క తిప్పుకే ఎక్కువ దిగుతుంది గానీ తిప్పే చేతికి బలం కావాలి. ఈ ఆఖరి ముక్క సరంగు వినలేదు. ఒక చుట్టుకు పద్నాలుగు అంగుళాలు అన్న మాట దగ్గరే ఆయన బుర్ర ఆగిపోయింది. చుట్టుకు ఎక్కువ దూరం అంటే చుట్లు తక్కువ, చుట్లు తక్కువైతే పెట్రోలు తక్కువ. పొదుపు తెలిసిన మనిషికి తప్ప ఇంకొకరికి తట్టని తప్పు అది. పద్నాలుగే బిగించమన్నాడు.

ఆ సమయానికి ఆయన మరదలు, అంటే భార్య చెల్లెలు, గట్టు మీదే ఉంది. రేవు వెనక రేకుల షెడ్డులో వంకరపోయిన ప్రొపెల్లర్లు సరిచేయడం ఆమె పని. మొదట భర్త సుత్తి కొడుతుంటే ఆమె రెక్క కదలకుండా పట్టుకునేది. అతని భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా అయ్యాక సుత్తి ఆమె చేతికి వచ్చింది. రెక్క అంచు మీద బొటనవేలు ఒక్కసారి రాసి, ఇది రాయికి తగిలిందా, గుంజకు తగిలిందా, వల చుట్టుకుందా చెప్పేస్తుంది. బావను ఆటపట్టించడం ఆమెకు రెండో వృత్తి.

"బావా, నువ్వు ఎక్కించేది మనుషుల్ని, మందుల్ని. పది పెట్టించుకో," అంది. "పద్నాలుగు ఖాళీ పడవకి బాగుంటుంది. బరువు పడితే మోటారు గుక్క తిప్పుకోలేదు."

"మోటారు గురించి నువ్వు నాకు చెప్పాలా?"

"మోటారు గురించి కాదు, రెక్క గురించి చెబుతున్నా. అది నా పని."

సరంగు నవ్వి ఊరుకున్నాడు. మరదలి మాటకు నవ్వి ఊరుకోవడం ఆయనకు ముప్ఫై ఏళ్ల అలవాటు. ఆయనా కంపెనీ మనిషీ ఇద్దరే ఎక్కి ఖాళీ పడవను రేవు చుట్టూ తిప్పారు, అది బాణంలా దూసుకుపోయింది. పది అంకె ఉన్నదాన్ని అట్టపెట్టెలో సర్దుకుని కంపెనీ మనిషి వెళ్లిపోయాడు.

మొదటి మూడు గురువారాలు టాంకు అడుగంటి తిరిగొచ్చింది. నాలుగో గురువారం రేవు కళ్లకు కనిపిస్తుండగా మోటారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఇసుక పడవ ఒకటి తాడు కట్టి లాక్కొచ్చింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు చేతుల్లో పని ఆపి మరీ చూశారు. పొదుపాయన పెట్రోలు అయిపోయి తాడు కట్టించుకుని వచ్చాడన్న కబురు ఆయనకంటే ముందే ఇంటికి చేరింది.

అప్పటినుంచి ఆయనకు అదే ధ్యాస. టాంకు ఎక్కడైనా కారుతోందేమోనని గొట్టం పొడుగునా సబ్బునురగ రాసి చూశాడు. బరువు తగ్గిద్దామని మడతకుర్చీలు దింపేశాడు, రెండో లంగరు దింపేశాడు, ఆఖరికి తన అన్నం డబ్బా కూడా దింపేసి ఆకలితో తిరిగాడు. కంపెనీ మనిషికి ఫోన్ చేస్తే, మోటారులో ఏ లోపమూ ఉండదని ఆయన అక్కడినుంచే తేల్చి చెప్పాడు. చెయ్యి మాత్రం సరంగు ఎప్పటిలాగే సగం దగ్గరే ఉంచాడు. దాన్ని అనుమానించాలని ఆయనకు తోచనే లేదు, కంటితో కన్నును ఎవరు చూసుకుంటారు?

ఆరో గురువారం రేవు ఇంకా మూడు కిలోమీటర్లు ఉండగా మోటారు ఆగింది. పడవలో ఒళ్లు కాలిపోతున్న పసిబిడ్డ, దాన్ని ఒళ్లో పెట్టుకున్న తల్లి. పోటు తీసి నీరు సముద్రం వైపు లాగుతుంటే లంగరు దింపి గంటసేపు కూర్చున్నారు. నర్సు తడిగుడ్డ వేస్తూనే ఉంది, తల్లి సరంగు ముఖంలోకి చూస్తూనే ఉంది. బిడ్డకు తర్వాత తగ్గింది. కానీ ఆ చూపు మాత్రం ఆయన్ను చాలా రోజులు వదల్లేదు.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ పిలిపించింది. ఆమె కేకలు వేసే మనిషి కాదు. గోడ మీద పటంలో ఆరో దీవి మీద వేలు పెట్టి, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి పడవ ఐదో దీవి దాకా వెళ్లి తిరిగి రావాలనీ, ఆరో దీవి వాళ్లు సొంత దోనెల్లో ఐదో దీవికి వస్తారనీ చెప్పింది. ఒక దీవి కోసం ఐదు దీవుల రోగుల్ని నడినీళ్లలో వదిలేయలేను కదా అంది. సరంగు తలూపి బయటికి వచ్చేశాడు.

ఆరో దీవిలో ముప్ఫై ఇళ్లున్నాయి. అందులో ఒకటి సరంగు అక్కది. తల్లి పోయినప్పుడు ఆయనకు నాలుగేళ్లు, అక్కకు పద్నాలుగు. చంకనేసుకుని తిప్పి, గోరుముద్దలు పెట్టి ఆమే పెంచింది. ఇప్పుడు ఆమె కుడి పాదానికి చక్కెర జబ్బు పుండు లేచి ఏడాదిన్నర అయింది. వారం వారం నర్సు వచ్చి కడిగి కట్టు కడుతుంది. దోనెలో ఐదో దీవికి రావాలంటే దాని అడుగున ఊరే ఉప్పునీళ్లలో ఆ కాలు గంటన్నర నానాలి. కట్టు కట్టేవాళ్లు లేకపోతే ఆ కాలు దక్కదు. మా ఇంట్లో ఉండమని సరంగు పదిసార్లు పిలిచాడు, మేకల్ని నువ్వొచ్చి కాస్తావా అని ఆమె పదిసార్లూ కొట్టిపారేసింది.

ఆమె తన తోడబుట్టిందని సరంగు ఆస్పత్రిలో ఎవరికీ చెప్పలేదు. సర్కారు పడవను అక్క కోసం తిప్పుతున్నాడని ఒక్క మాట పుడితే ఇన్నేళ్ల పరువు మంటగలుస్తుందని ఆయన భయం. పుట్టింది ఆ దీవిలోనే కాబట్టి అక్కడి పెద్దవాళ్లందరినీ ఆయన అక్కా అత్తా అనే పిలుస్తాడు. ఏడాది కిందట కొత్తగా వచ్చిన నర్సుకు ఇంతమంది అక్కల్లో సొంత అక్క ఎవరో తెలిసే వీల్లేకపోయింది. డాక్టరమ్మ దగ్గర నోరు విప్పకపోవడానికీ ఇదే కారణం. అక్క పేరెత్తకుండా ఆ దీవి గురించి మాట్లాడటం ఆయనకు చేతకాలేదు.

ఇక మిగిలింది ఒకే ఒక్క గురువారం. ఆ శనివారం సరంగు అహం చంపుకుని మరదలి షెడ్డుకు వెళ్లాడు. గోడకు మేకులు కొట్టి వరసగా ప్రొపెల్లర్లు తగిలించి ఉన్నాయి, కొన్ని మెరుస్తూ, కొన్ని పాచి పట్టి, ఒక్కోదాని కింద సుద్దతో రాసిన అంకె. ఆయన వాటిని చూస్తున్నట్టు నటిస్తూ ఐదు నిమిషాలు నిలబడ్డాడు. మరదలు ఆకురాయి ఆపలేదు.

"పది కావాలా?" అంది తల ఎత్తకుండానే.

"ఉందా?"

"నువ్వు కాదన్న రోజునుంచే ఒకటి చూసి పెట్టాను. రేపు పడవ తీసుకురా. ఖాళీగా తేవద్దు, గురువారం ఎంత బరువుంటుందో అంత బరువుతో తే."

ఆదివారం ఆమె చెప్పినట్టే ఐదు పెద్ద డబ్బాల నిండా నీళ్లు నింపి, మనిషికొక డబ్బా లెక్కన బల్లల మీద పెట్టారు. రోగులెవరూ ఎక్కని పూట కదా అని, టాంకు గొట్టం పీకి ఐదు లీటర్ల తెల్ల క్యానుకు తగిలించింది మరదలు. లోపల పెట్రోలు బయటికి కనిపించే క్యాను అది. పావులీటరుకు ఒకటి చొప్పున దాని మీద పట్టీలు అంటించింది. రేవు నుంచి, దారి గుర్తుకు నీళ్లలో తేలేసి ఉంచిన నల్ల బోయా దాకా వెళ్లి తిరిగి వస్తే మూడు కిలోమీటర్లు. మొదట ఉన్న ప్రొపెల్లరుతోనే, ఎప్పుడూ నడిపినట్టే నడపమంది. సరంగు నడిపాడు. ముక్కు పైకి లేపి, తోక నీళ్లలో కూరుకుని పడవ ఈడ్చుకుంటూ పోయి వచ్చింది. లీటరూ ముప్పావు దాటి తాగింది.

తర్వాత మరదలు చీర ఎగదోపి మోకాలిలోతు నీళ్లలోకి దిగి, పిన్ను లాగి, మర విప్పి, పద్నాలుగు తీసి పది ఎక్కించింది. మళ్లీ నడపమంది. సరంగు ఆశగా నడిపాడు. మోటారు గొంతు తేలికైంది, ఆయాసం తగ్గింది. గట్టుకు వచ్చి వంగి చూస్తే లీటరున్నరకు కాస్త పైనే తాగింది. సరంగుకు ప్రాణం ఉసూరుమంది. ఇంతేనా, దీనికోసమేనా అన్నాడు.

"ఇప్పుడు లే, నేను కూర్చుంటా," అంది మరదలు.

ఆమె లివరును మొత్తం ముందుకు తోసేసింది. మోటారు గట్టిగా అరిచింది, ముక్కు ఆకాశంలోకి లేచింది. తగ్గించు, తగ్గించు అని సరంగు బల్ల పట్టుకుని అరుస్తూనే ఉన్నాడు, ఆమె వినిపించుకోలేదు. పదీ పన్నెండు లెక్కపెట్టేలోగా ముక్కు తనంతట తనే కిందికి దిగింది. పడవ నీళ్ల మీద చాప పరిచినట్టు చదునుగా పడుకుంది. అప్పుడు ఆమె లివరును కొంచెం వెనక్కి లాగింది. మోటారు అరుపు తగ్గింది, పడవ మాత్రం దిగలేదు. బోయా చుట్టి వచ్చి క్యాను చేతికిచ్చింది. లీటరు కూడా తాగలేదు.

సరంగు నమ్మలేదు. క్యాను ఎత్తి చూశాడు, గొట్టం నలిపి చూశాడు, మూత వాసన చూశాడు. ఈసారి తనే కూర్చుని ఆమె చెప్పినట్టు నడిపాడు. మళ్లీ అంతే.

"వెనక్కి చూడు బావా," అంది మరదలు. "నువ్వు నీ చేత్తో నడిపినప్పుడు వెనకాల ఎంత గుంట పడిందో, ఎంత అల లేచిందో చూశావు కదా. ఆ నీళ్లన్నీ ఎవరు తోశారు? నీ పెట్రోలే తోసింది. మనిషి నడిచినంత నెమ్మదిగా పోతే ఇదీ తక్కువే తాగుతుంది, కాకపోతే ఆరో దీవికి చేరేసరికి పొద్దుగూకుతుంది. లేదంటే నీళ్ల మీదికి ఎక్కించేయాలి. నువ్వు రెంటికీ మధ్య పట్టుకుని కూర్చున్నావు. గట్టు ఎక్కీ ఎక్కకుండా సగంలో నిలిచిన బండిని రోజంతా లాగినట్టుంది."

"మరి రెక్క ఎందుకు మార్చావు?"

"పద్నాలుగుతో ఇంత బరువుని చెయ్యి మొత్తం తోసినా ఎక్కించలేవు. పది ఎక్కించగలదు. కానీ ఎక్కించాల్సింది నీ చెయ్యి."

సరంగు ముఖం చిన్నబోయింది. తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఇరవయ్యారేళ్లుగా అందరూ మెచ్చుకున్న చెయ్యి అది. మందులూ మనుషులూ ఉన్న పడవను రెండుసార్లు నడినీళ్లలో ఆపిందీ, అక్క కాలి మీదికి తెచ్చిందీ ఆ చెయ్యే. ఆయన్ను అలా చూసి మరదలు ఆటపట్టించడం మానేసింది. రెక్క తప్పు అని చెప్పెయ్యి బావా, చేతి సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు, నేను నోరెత్తను అంది. ఆమె మాట మీద నిలబడే మనిషేనని ఆయనకు తెలుసు.

సోమవారం ఆయన డాక్టరమ్మ గదికి వెళ్లాడు. అంతకుముందు రాత్రంతా రెక్క తప్పు, రెక్క తప్పు అనే అనుకుంటూ పడుకున్నాడు. తీరా నిలబడ్డాక ఇంకో మాట వచ్చింది.

"రెక్క ఎంచుకున్నదీ నేనే, తప్పుగా నడిపిందీ నేనే. నా దగ్గర నేర్చుకున్న నలుగురికీ ఇదే చెయ్యి అంటించాను. వాళ్లకీ కొత్త పడవలు వస్తున్నాయి. వాళ్లకి నేనే చెప్పాలి."

చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా అంది డాక్టరమ్మ. తర్వాత, ఈ గురువారం ఆరు దీవులూ తిరిగి వచ్చాక టాంకులో ఐదు లీటర్లు మిగిలితే ఆర్డరు వెనక్కి తీసుకుంటానని చెప్పింది. అంత చెప్పుకున్న మనిషి అక్క సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు. చేతి తప్పు ఒప్పుకోవడం కంటే అది కష్టమనిపించింది ఆయనకు.

గురువారం ఎప్పటి బరువే. నర్సు, చల్లపెట్టె, మడతకుర్చీలు, రెండో లంగరు, అన్నం డబ్బా. రేవు దాటాక సరంగు గుండె చిక్కబట్టుకుని లివరు మొత్తం తోశాడు. మోటారు అరిచిన ప్రతిసారీ పెట్రోలు కుండపోతగా కారిపోతున్నట్టే ఉంది ఆయనకు. చెయ్యి దానంతటదే వెనక్కి రాబోతుంటే ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టుకున్నాడు. ముక్కు లేచింది, దిగింది. ఇవాళేమిటి గాలిలో పోతున్నాం అని నర్సు నవ్వింది. మొదటి దీవి, రెండో దీవి, మూడో దీవి. ప్రతి చోటా ముందు టాంకు ముల్లు చూసి, తర్వాతే తాడు కట్టాడు. ఆరో దీవి రేవుకు చేరేసరికి ఇంకా పన్నెండు కాలేదు. మునుపు రెండయ్యేది. ముల్లు సగానికి బాగా పైనే ఉంది. ఇంటికి వెళ్లే దారంతా పోగా తొమ్మిది లీటర్లకు తక్కువ మిగలవని ఆయన మనసులోనే లెక్క వేసుకున్నాడు. దీవి దక్కింది. అరిచి ఎవరికైనా చెప్పాలనిపించింది.

రేవులో ఎవరూ లేరు. అది ఆయనకు వింతగా తోచింది. ఇన్నాళ్లూ ఆయన పడవ కట్టేసరికి అందరూ వచ్చి కూర్చుని ఉండేవాళ్లు. సగం చేత్తో నడిపిన మోటారు చప్పుడు అరగంట ముందే దీవికి వినిపించేది, జనం తాపీగా బయల్దేరి వచ్చేవారు. అక్క అయితే అందరికంటే ముందు బల్ల మీద కూర్చుని, చీర కుచ్చిళ్లు పాదం మీదికి దించుకుని, ఎలా ఉందక్కా అంటే తగ్గిందిరా అనేది. నర్సు బడి వరండాలో కట్లు కట్టేది, ఆయన పడవ దగ్గరే ఉండిపోయేవాడు. ఏడాదిన్నరగా ఆయన అక్కను చూస్తున్నది కూర్చుని ఉండగానే. ఈ సంగతి ఆయన ఎన్నడూ గమనించలేదు.

ఇవాళ జనం ఒకరొకరుగా పరుగున వస్తున్నారు. వాళ్ల వెనక, గట్టు దారిలో, అక్క కనిపించింది. ఇంటికీ రేవుకూ మధ్య రెండువందల అడుగులు ఉంటాయి. ఒక చేత్తో విరిగిన తెడ్డు కర్ర, ఇంకో చేత్తో కంచె గుంజ. కుడికాలు నేల మీద ఆనడం లేదు, మడమ పక్కకు తిప్పి ఈడుస్తోంది. ఒక అడుగు వేసి ఆగుతుంది, తర్వాతి గుంజ అందేదాకా పళ్లు బిగబడుతుంది, మళ్లీ ఒక అడుగు. తమ్ముడు చూస్తున్నాడని ఆమెకు తెలియదు. వారం వారం ఆ చప్పుడు వినిపించగానే బయల్దేరి, ఈ రెండువందల అడుగులూ అరగంట సేపు నడిచి, ఆయన వచ్చేలోగా కూర్చుని, ముఖం తుడుచుకుని ఉండేది. సరంగు చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

పక్కన నర్సు నిట్టూర్చింది. ఆ కాలు తన కట్లకు లొంగే స్థితి ఎప్పుడో దాటిందనీ, మూణ్ణెల్లుగా పెద్దాస్పత్రికి రమ్మని చెబుతూనే ఉన్నాననీ అంది.

"ఆవిడ రానంటుంది. అక్కడ ఉండి చూసుకోవడానికి ఎవరున్నారమ్మా అంటే, ఎవరూ లేరు అంటుంది."

ఆయన పరువు కోసం ఆయన దాచిన మాటను అక్క కూడా దాచింది, కాలు పోగొట్టుకునేదాకా దాచేలా ఉంది.

"నేనున్నాను. ఆవిడ మా అక్క. నన్ను పెంచింది," అన్నాడు.

సరంగు తాడు గుంజకు చుట్టి గట్టెక్కి దారిలోకి వెళ్లాడు. అక్క ఆయన్ను చూసి చప్పున కంచె వదిలేసి తిన్నగా నిలబడబోయింది, నిలబడలేకపోయింది.

"ఇంత తొందరగా వచ్చేశావేంట్రా?" అంది.

సరంగు ఆమె చంక కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. మేకల మాట ఎత్తబోతే, పక్కింటావిడకు అక్కడినుంచే కేకవేసి అప్పగించాడు. ఆమె ఎంత వారించినా వినకుండా పడవలోకి దింపి, రోగి బల్ల మీద పడుకోబెట్టాడు. మిగతా దీవివాళ్లకు నర్సు మందులిచ్చి వచ్చాక తాడు విప్పాడు. పడవ ముక్కు లేవగానే అక్క బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్లుగా తమ్ముడి నెమ్మది చెయ్యి గురించి దీవంతా చెప్పుకుని మురిసిన మనిషి ఆమె.

"భయంగా ఉందిరా, కాస్త నెమ్మదిగా పోనీ," అంది.

"నెమ్మదిగా పోతేనే ఎక్కువ పోగొట్టుకుంటాం అక్కా," అన్నాడు సరంగు. ఆయన చెయ్యి వెనక్కి రాలేదు.